సింపుల్ ప్రెజెంట్‌లో తప్పు ఎక్కడ దొర్లుతోంది?

సమస్య: "ఐ యామ్ గోయింగ్ టు ఆఫీస్ డైలీ." ఇంగ్లీషు బాగా చదువుకున్నవాళ్ల నోటి నుంచి కూడా ఈ వాక్యం వస్తుంటుంది. దాని పక్కనే ఇంకొకటి: "డైలీ ఐ విల్ వేకప్ ఎట్ ఫైవ్."

కారణం: ఇది తెలివితక్కువతనం కానే కాదు. రెండు తప్పులూ మన తెలుగు క్రియలోంచే పుడుతున్నాయి. "బస్సులో వెళ్తున్నాను" అంటే ఈ నిమిషంలో బస్సులో ఉన్నానని కావచ్చు, రోజూ బస్సులోనే వెళ్తున్నానని కావచ్చు. "లేస్తాను" కూడా అంతే, "రోజూ ఐదింటికి లేస్తాను" అన్నా, "రేపు ఐదింటికి లేస్తాను" అన్నా అదే మాట. ఇంగ్లీషు మాత్రం అలవాటుకి వేరే రూపం పెట్టుకుంది. అదే సింపుల్ ప్రెజెంట్.

పరిష్కారం: ముందు తెలుగు వాక్యానికి "రోజూ" తగిలించి చూడండి. మీరు చెప్పాలనుకున్న అర్థం చెడకపోతే "ఐ గో", "ఐ వేకప్" చాలు. "ఇదిగో ఇప్పుడే" అన్నది సరిపోతే అప్పుడు "యామ్ గోయింగ్". "రేపు" అయితే "విల్". వారం రోజులు ఇలా చూసుకుంటే తేడా చెవికే తెలుస్తుంది.

సమస్య: "హీ డజంట్ వర్క్స్ హియర్."

కారణం: హీ, షి, ఇట్ వస్తే క్రియకి ఎస్ చేర్చాలని గట్టిగా బట్టీపట్టాం. ఆ ఎస్ ఒక్కచోటే ఉంటుందని ఎవరూ నొక్కి చెప్పలేదు.

పరిష్కారం: "షి వర్క్స్" వాక్యాన్ని ప్రశ్నగా మార్చి చూడండి: "డజ్ షి వర్క్?" వర్క్స్ చివరున్న ఎస్ డజ్‌లోకి వెళ్లిపోయింది, వర్క్ ఖాళీగా మిగిలింది. డజంట్‌తోనూ ఇంతే: "హీ డజంట్ వర్క్ హియర్."

"ఐ యామ్ నోయింగ్", "ఐ యామ్ హావింగ్ టూ బ్రదర్స్" అనేవాళ్లకి ఒక్క మాట. తెలియడం, కావాలనుకోవడం, కలిగి ఉండటం పనులు కావు, స్థితులు. అందుకే "ఐ నో", "ఐ వాంట్", "ఐ హావ్" అంటారు. భోజనం చేస్తున్నప్పుడు మాత్రం "ఐ యామ్ హావింగ్ లంచ్" సరైనదే, ఎందుకంటే అక్కడ హావ్ అంటే తినడం.

ఇక "ఇఫ్ హీ విల్ కమ్, ఐ విల్ టెల్ హిమ్" దగ్గర మన తెలుగే ఆదుకుంటుంది. "వస్తే చెప్తాను" అంటాం. భవిష్యత్తు "చెప్తాను"లోనే ఉంది, "వస్తే"లో లేదు. ఇంగ్లీషూ అంతే: "ఇఫ్ హీ కమ్స్, ఐ విల్ టెల్ హిమ్."