ఇంటి అండను ఏ ఖాతాలో రాసుకోవాలి? కామర్స్, మేనేజ్‌మెంటు విద్యార్థులకు

కోనసీమ నుంచో, భీమవరం, పాలకొల్లు పరిసరాల నుంచో బయలుదేరి రాజమహేంద్రవరం, కాకినాడ, విశాఖపట్నం కళాశాలల్లో బి.కాం., బి.బి.ఏ., ఎం.బి.ఏ. తరగతుల్లో చేరే పిల్లలకు మొదటి ఆరు నెలలూ బరువుగానే గడుస్తాయి. పదో తరగతి దాకా తెలుగులో చదివినవారు ఒక్కసారిగా పాఠమంతా ఇంగ్లీషులో వినవలసి వస్తుంది. లెక్కలు ఎప్పుడో వదిలేసినవారికి స్టాటిస్టిక్స్ ఎదురవుతుంది. వీటికి తోడు, పంట డబ్బు ఇంటికి చేరకముందే ఫీజు గడువు వచ్చి పడుతుంది. చాలా ఏళ్లుగా ఇలాంటి పిల్లలకు అకౌంటెన్సీ బోధిస్తున్నాను. వెనుకబడి మళ్లీ నిలదొక్కుకున్నవారిలో ఎక్కువమంది, ఇంటితో తమ లెక్కను దాపరికం లేకుండా నడుపుకున్నవారే. ఆ లెక్కను ఎలా నడపాలో, అదే ఇంటి నుంచి పాఠాన్ని ఎలా నేర్చుకోవాలో చెప్పడానికి ఇది రాస్తున్నాను.

పడినవి, ఒరిగినవి, నిలిచినవి

1996లో నేను విశాఖపట్నంలో ఎం.బి.ఏ. మొదటి సెమిస్టరు చదువుతున్నాను. ఆ ఏడు నవంబరు 6న విరుచుకుపడిన తుఫాను కోనసీమ కొబ్బరి తోటలను నేలకూల్చింది. మా తోటలోనూ సగానికి పైగా చెట్లు పోయాయి. కొబ్బరి మొక్క నాటితే కాపుకు రావడానికి ఐదారేళ్లు పడుతుంది గనుక, అది ఒక్క ఏడాదితో తీరే నష్టం కాదని ఇంట్లో అందరికీ తెలుసు. ఆ తరువాత కొద్ది నెలలకు ఫలితాలు వస్తే నేను రెండు పేపర్లు తప్పాను. అసలే నష్టంలో ఉన్న ఇంటికి ఈ మాట కూడా ఎందుకని రెండు నెలలు చెప్పలేదు. చివరికి నాన్న బియ్యం మూట పట్టుకుని హాస్టలుకు వచ్చిన రోజున చెప్పక తప్పలేదు. ఆయన కాసేపు మౌనంగా ఉండి, "చెట్లు పడిపోయిన సంగతి నీ దగ్గర దాచామా? పరీక్ష పోయిన సంగతి మా దగ్గరెందుకు దాచావురా?" అన్నారు.

ఆ మాట తరువాత ఆయన చేసిన పని నేటికీ నా విద్యార్థులచేత చేయిస్తున్నాను. తుఫాను మర్నాడు తోటలో తిరిగి ఆయన చెట్లను మూడు వరుసలుగా లెక్క రాశారు: పడినవి ఎన్ని, ఒరిగినవి ఎన్ని, నిలిచినవి ఎన్ని. నా పేపర్లను కూడా అలాగే రాయమన్నారు. మీరు కూడా ప్రతి సెమిస్టరు మధ్యలో, ఇంటర్నల్ మార్కులు రాగానే, సబ్జెక్టులన్నింటినీ ఈ మూడు వరుసల్లో వేసుకోండి. చాలామంది పడిపోయిన పేపరు గురించే రాత్రింబవళ్లు బాధపడుతూ, ఒరిగిన పేపరును పట్టించుకోరు; ఆ సెమిస్టరు ముగిసేసరికి అదీ పడిపోతుంది. ఒరిగిన చెట్టుకు ముందు ఊతకర్ర పెట్టాలి. రోజూ చదివే వేళలో మొదటి గంటను ఆ సబ్జెక్టుకే కేటాయించి, పడిన పేపరుకు సప్లిమెంటరీ తేదీ చూసుకుని, వెనక్కి లెక్కపెట్టి వారాలు పంచుకోండి.

మూలధనం ఎడమ వైపున ఎందుకుంటుంది

అకౌంటెన్సీ మొదటి పాఠాల్లోనే ప్రతి విద్యార్థీ అడిగే ప్రశ్న ఒకటుంది. యజమాని తన సొంత డబ్బు, అంటే మూలధనం, వ్యాపారంలో పెడితే, దాన్ని ఆస్తి అప్పుల పట్టీలో ఎడమ వైపున, అప్పుల పక్కన ఎందుకు రాస్తారు? వ్యాపారం వేరు, యజమాని వేరు అని భావించడం వల్లనే. ఆ డబ్బుకు వ్యాపారం యజమానికి జవాబుదారీ. అయితే అదే వైపున ఉన్న బ్యాంకు అప్పుకూ మూలధనానికీ స్వభావంలో చాలా తేడా ఉంది. మీకు లాభం వచ్చినా నష్టం వచ్చినా బ్యాంకు తన వడ్డీ తాను అడుగుతుంది. మూలధనం పెట్టినవాడు మాత్రం నష్టాన్ని మీతో పాటు తానూ భరిస్తాడు. ప్రతిగా అతడు కోరే మొదటి హక్కు, వ్యాపారం ఎలా నడుస్తోందో నిజమైన లెక్క చూడడం.

మన పిల్లలు ఇంటివారు పెట్టిన డబ్బును, పడిన శ్రమను బ్యాంకు అప్పుగా రాసుకుంటారు. అందువల్ల ప్రతి తక్కువ మార్కూ వడ్డీ బాకీలాగా గుండె మీద కూర్చుంటుంది, అప్పులవాడి కంటబడకుండా తప్పుకున్నట్టు ఇంటి ఫోను నుంచి తప్పుకుంటారు. దాన్ని మూలధనంగా రాసుకున్న విద్యార్థి చేయవలసిన పని వేరు. అతడు నెలనెలా నిజమైన లెక్క చూపించాలి.

ఆ లెక్క చూపించే పద్ధతి ఇది. నెలలో మొదటి ఆదివారం, ఇంట్లో అందరూ తీరికగా ఉండే వేళ చూసుకుని ఫోను చేసి, నాలుగు సంగతులు వరుసగా చెప్పండి: హాజరు ఎంత శాతం ఉంది, ఆ నెలలో జరిగిన పరీక్షల్లో ఎన్ని మార్కులు వచ్చాయి, పంపిన డబ్బు దేనికెంత ఖర్చయింది, ఇప్పుడు కష్టంగా ఉన్న విషయం ఏమిటి. నాలుగోది తప్పకుండా చెప్పాలి. మంచి వార్తలు మాత్రమే వినే తల్లిదండ్రులకు, చెడు వార్త వచ్చిన రోజున దాన్ని మోసే అలవాటు ఉండదు. ఖర్చుకు చిన్న నోటుపుస్తకం చాలు. మెస్సు, అద్దె, ప్రయాణం, పుస్తకాలు, ఇతరాలు అని ఐదు వరుసలు గీసుకోండి. "ఇతరాలు" వరుస పెరుగుతూ ఉంటే దాన్ని ఇంట్లో అడగకముందే మీరే చెప్పండి.

అమ్మానాన్నలకు ఈ చదువు అర్థం కాదని కొందరు అంటారు. నేను ఒప్పుకోను. చీటీ పాట ఏ నెలలో పాడితే మేలో, మూటకు ఎంత ధర పలికితే ధాన్యం అమ్మాలో లెక్క వేయగలిగిన మనిషికి, అర్థమయ్యే మాటల్లో చెబితే మీ ఫైనాన్సు పాఠం తప్పక అర్థమవుతుంది. అలా చెప్పలేకపోతే ఆ పాఠం మీకే ఇంకా సరిగా రాలేదని గ్రహించండి.

ఇంటి పొలమే మొదటి కేస్ స్టడీ

బ్రేక్ ఈవెన్, అంటే లాభమూ నష్టమూ లేకుండా ఖర్చు సరిగ్గా తీరే స్థాయి, అన్న పాఠం పుస్తకంలో ఏదో కర్మాగారం లెక్కతో మొదలవుతుంది. దాన్ని పక్కన పెట్టి, మీ ఇంట్లో కౌలుకు చేస్తున్న ఎకరంతో మొదలుపెట్టండి. అసలు అంకెలు మీ నాన్నగారిని అడిగి రాసుకోవాలి. ఇక్కడ ఉదాహరణకు కొన్ని అనుకుందాం. దమ్ము, ఊడ్పు, ఎరువు, పురుగుమందు, కోత అన్నీ కలిపి 24,000 రూపాయలు, కౌలు 15 బస్తాలు, బస్తా ధర 1,600 రూపాయలు. 24,000 రూపాయలు రావాలంటే 15 బస్తాలు అమ్మాలి, కౌలుకు మరో 15 బస్తాలు కొలవాలి. అంటే 30 బస్తాల దగ్గర ఖర్చు తీరుతుంది. ఇప్పుడు బస్తా ధర 1,500కు పడిపోయిందనుకోండి. ఖర్చుకు 16 బస్తాలు, కౌలుకు అవే 15, మొత్తం 31. కౌలు బస్తాల్లో కాకుండా 24,000 రూపాయల నగదుగా మాట్లాడుకుని ఉంటే మొత్తం ఖర్చు 48,000 అయి, అదే 1,500 ధరకు 32 బస్తాలు కావాలి. కౌలు ధాన్యంగా ఇస్తే ధర పడిన నష్టంలో భూయజమానికి కూడా వాటా వెళుతుందనీ, దిగుబడి తగ్గిన నష్టం మాత్రం రెండు పద్ధతుల్లోనూ కౌలు రైతు మీదే ఉంటుందనీ ఈ చిన్న లెక్క చూపిస్తుంది. నష్టభయాన్ని ఎవరు మోస్తారన్నది మేనేజ్‌మెంటు చదువు మొత్తంలో పదేపదే ఎదురయ్యే ప్రశ్న. అది మన గట్టు మీదే మొదలవుతుంది.

ఇంట్లో రొయ్యల చెరువు ఉంటే వర్కింగ్ క్యాపిటల్, అంటే రాబడి చేతికి వచ్చేదాకా పని నడపడానికి కావలసిన డబ్బు, అన్న పాఠం అక్కడ దొరుకుతుంది. సీడు (రొయ్య పిల్లలు) వేసినప్పటి నుంచి పట్టుబడి దాకా మూడు నాలుగు నెలలు మేతకు డబ్బు పోతూనే ఉంటుంది, వచ్చేది మాత్రం చివర ఒక్కసారే. మేత అరువుకు తెచ్చుకునేవారు నగదు ధరకూ అరువు ధరకూ ఉన్న తేడాను వడ్డీగా లెక్క వేసి చూడాలి. నగదుకు 2,000 రూపాయలున్న బస్తాను మూడు నెలల అరువు మీద 2,060కి ఇస్తే, మూడు నెలలకు 3 శాతం, ఏడాదికి 12 శాతం వడ్డీ కట్టినట్టు. ఈ లెక్క ఒక్కసారి ఇంట్లో వేసి చూపించిన విద్యార్థి మాటకు ఆ ఇంట్లో విలువ పెరగడం నేను చూశాను. చదువు ఇంటికి పనికివస్తోందని పెద్దలకు కనిపించిన నాడు, వారి అండలో జాలి తగ్గి నమ్మకం పెరుగుతుంది.

అవకాశ వ్యయం అన్న పాఠం వచ్చినప్పుడు కాస్త ఆగమని కోరుతున్నాను. ఒక దారి ఎంచుకున్నందువల్ల వదులుకున్న మరో దారి విలువే అవకాశ వ్యయం. పైన వేసిన ఎకరం లెక్కలో అమ్మ కలుపు తీసిన రోజుల కూలి ఎక్కడా లేదు. బయటి మనిషిని పెడితే ఇవ్వవలసిన డబ్బు అది, ఆమె చేసింది గనుక లెక్కలోకి రాలేదు. అలాగే మిమ్మల్ని చదివించడం కోసం మీ అక్క ఇంటర్మీడియెట్‌తో ఆపేసి ఉంటే, ఆమె చదువు మీ చదువుకైన ఖర్చులో ఒక భాగం. మీ మూలధన ఖాతాలో ఆమె పేరు కూడా రాయండి, ఆదివారం లెక్క ఆమెకు కూడా చెప్పండి, ఆమె మళ్లీ దూరవిద్యలో చేరే దారి ఉందేమో మీరే విచారించి చెప్పండి.

ఇంగ్లీషు, ప్రవేశ పరీక్ష

ఇంగ్లీషు భయానికి నాకు తెలిసిన ఉపాయం ఒక్కటే. రేపటి పాఠంలోని ఒక్క పేజీని ముందురోజే చదివి, మార్జిన్‌లో తెలుగు మాటలు రాసుకుని, తరువాత పుస్తకం మూసి అదే విషయాన్ని గట్టిగా ముందు తెలుగులో, వెంటనే ఇంగ్లీషులో చెప్పాలి. సెమినారు ఉన్న వారంలో ఇంటికి వెళితే నాయనమ్మను ఎదురుగా కూర్చోబెట్టి చెప్పండి. ఆవిడకు భాష రాకపోయినా మీరు ఎక్కడ తడబడ్డారో ఇట్టే పట్టేస్తారు.

ఎం.బి.ఏ.కు ఐసెట్ రాసేవారు గుర్తుంచుకోవలసినది వేళ. 200 ప్రశ్నలకు 150 నిమిషాలు, అంటే ప్రశ్నకు 45 సెకన్లు. తప్పుకు మార్కులు కోయరు గనుక ఏ ప్రశ్ననూ ఖాళీగా వదలకూడదు.

అండ బరువైనప్పుడు

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన నాటి నుంచి గోదావరి డెల్టా ఇళ్లలో డబ్బూ పనీ కాలువ నీటి వెంటే నడుస్తున్నాయి. సార్వా కోతలు సాధారణంగా నవంబరు, డిసెంబరుల్లో వస్తాయి. చాలా కళాశాలల్లో సెమిస్టరు పరీక్షలూ ఆ దరిదాపుల్లోనే ఉంటాయి. కోతలకు రమ్మని కబురు రావడం, వెళ్లకపోతే మనసు ఊరుకోకపోవడం మామూలే. దీనికి మందు ముందే వేయాలి. సెమిస్టరు మొదలైన వారంలోనే పరీక్ష తేదీలను ఇంటి క్యాలెండరు మీద ఎర్ర సిరాతో గుర్తుపెట్టి, ఏ రోజుల్లో రాగలరో, ఏ రోజుల్లో రాలేరో నాన్నగారితో మాట్లాడుకోండి. ఫీజు గడువు పంట డబ్బు కంటే ముందుంటే, వాయిదా కోరుతూ కళాశాల కార్యాలయానికి లిఖితపూర్వకంగా అర్జీ పెట్టి, దాని నకలు మీ దగ్గర ఉంచుకోండి. గడువు దాటాక పెట్టే అర్జీకి బలం ఉండదు.

ఆడపిల్లలకు రెండో ఏట నుంచే పెళ్లి మాటలు మొదలవుతాయి. ఎదురు చెప్పి తలుపులు మూసుకోవడం కంటే, ఇంట్లో మాట చెల్లే మేనత్తనో పెద్దమ్మనో ముందుగా కలుపుకుని, చదువు పూర్తి కావడానికి ఎన్ని నెలలు మిగిలాయి, ఆ తరువాత ఏ ఉద్యోగానికి ప్రయత్నిస్తారు అన్నది తేదీలతో సహా ఆమెచేత చెప్పించడం మేలు. నా విద్యార్థినుల్లో కొందరు ఈ దారిలోనే చదువు ముగించారు. మూలధనం పెట్టినవారికి లెక్క అడిగే హక్కు ఉంది, వ్యాపారాన్ని మధ్యలో మూసేయమనే హక్కు ఉందని నేను అనుకోను.

అందరికీ ఇంటి అండ ఉండదు. తల్లిదండ్రులు లేనివారు, ఉన్నా మాట కలవనివారు నెలవారీ లెక్కను ఒక ఉపాధ్యాయుడికో, సీనియరుకో చెప్పుకోవచ్చు. అడిగితే కాదనే ఉపాధ్యాయులు తక్కువ. నిద్ర పట్టక, తిండి సయించక, బతుకు మీదే విరక్తి కలిగితే మాత్రం ఆదివారం దాకా ఆగకండి. మానసిక ఆరోగ్యానికి సాయం అందించే టెలి మానస్ వారి 14416 నంబరుకు ఉచితంగా ఫోను చేయవచ్చు, తెలుగులో మాట్లాడవచ్చు.

చివరగా ఒక చిన్న ఏర్పాటు. ప్రతి సెమిస్టరు మార్కుల మెమో నకలు ఒకటి, తప్పినదైనా నెగ్గినదైనా, ఇంట్లో పట్టాదారు పాసుపుస్తకం, పన్ను రసీదులు దాచే పెట్టెలోనే పెట్టించండి. నేను రెండు పేపర్లు తప్పిన మెమో, నాన్న రాసిన కొబ్బరి చెట్ల జాబితా ఇప్పటికీ మా ఇంటి పెట్టెలో ఒకే కవరులో ఉన్నాయి. ఒరిగినవి అని రాసిన వరుసలో కొన్ని చెట్లు ఈనాటికీ కాస్తున్నాయి.