ఇసుకలో తెర కట్టిన చోటికి: కొత్త దర్శకుల చిన్న చిత్రోత్సవానికి వెళ్లేవాళ్ల కోసం

చిత్రోత్సవం అనగానే బరంపురం, ఛత్రపురం, ఇచ్ఛాపురం కుర్రాళ్లకు ముందు గుర్తొచ్చేది గోవా. ఇఫీ, అంటే భారత అంతర్జాతీయ చలనచిత్రోత్సవం, 2004 నుంచి అక్కడే జరుగుతోంది కాబట్టి అందులో వింతేం లేదు. అయితే అదే ఏడు, మనకు ఒక పూట ప్రయాణంలో ఉన్న పూరీ తీరాన ఇంకో రకం ఉత్సవం మొదలైంది. దాని పేరు బ్రింగ్ యువర్ ఓన్ ఫిల్మ్ ఫెస్టివల్. ఎంపిక కమిటీ లేదు, పోటీ లేదు, ఎవరి సినిమా వాళ్లు పట్టుకొచ్చి వేసుకోవడమే. ఈ తరహా చిన్న ఉత్సవాల్లో ఎర్ర తివాచీ ఉండదు. ఒక తెర, ఒక షామియానా, కొన్ని చాపలు, కొన్ని కుర్చీలు, పక్కన సముద్రం హోరు. కొత్తగా తీసేవాళ్లకు నిజంగా పనికొచ్చేవి ఇవే. మీ సినిమా చూసినాయన కాసేపటికి మీ పక్కనే నిలబడి టీ తాగుతుంటాడు, మొహమాటం లేకుండా అడగొచ్చు. కాకపోతే అక్కడ సినిమా ఎలా కనిపిస్తుంది, ఎలా వినిపిస్తుంది అనేది గాలి చేతిలో, పక్కబడ్డీ లైటు చేతిలో ఉంటుంది. దానికి ఇంటి దగ్గరే సిద్ధపడాలి.

ముందు తేదీలు. చిన్న ఉత్సవాలు ఒక ఏడు జరుగుతాయి, ఒక ఏడు డబ్బుల్లేక ఆగిపోతాయి. పోయినేడు తేదీలు చూసి టికెట్లు తీయకండి, నిర్వాహకులకు ఫోన్ చేసి రూఢి చేసుకున్నాకే తీయండి. గోపాల్‌పూర్, పూరీ వైపు మన తీరంలో ఇలాంటివి డిసెంబరు, ఫిబ్రవరి మధ్య పెట్టుకుంటేనే క్షేమం. అక్టోబరు తుపాన్ల నెల: 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది, 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస వైపు దాటింది. ఏప్రిల్ వస్తే ఉక్కపోత, పొద్దు గుంకడం ఆలస్యం. డిసెంబరులో గోపాల్‌పూర్‌లో ఐదుంబావుకు సూర్యుడు దిగిపోతాడు, ఆరు కల్లా తెర మీద బొమ్మ నిలుస్తుంది. ఫిబ్రవరి మధ్యకు సూర్యాస్తమయమే ఐదూ ముప్పావు దాటుతుంది, కాబట్టి ఆరున్నర కంటే ముందు ఆట అని కార్యక్రమంలో రాసి ఉంటే ఆ మొదటి సినిమా వెలిసిపోయినట్టే కనిపిస్తుందనుకోండి. ఆ మొదటి ఆట మీదైతే వెనక్కి మార్చమని ముందే అడగండి.

డెలిగేట్‌గా, అంటే ఉత్సవ ప్రతినిధిగా, పేరు నమోదు చేసుకోవడం మరిచిపోవద్దు, ప్రవేశం ఉచితమైనా సరే. దీనికి కారణం ఉంది. సెన్సార్ సర్టిఫికెట్ లేని సినిమాలను ఉత్సవాల్లో వేయాలంటే నిర్వాహకులు కేంద్ర సమాచార, ప్రసార మంత్రిత్వ శాఖ నుంచి మినహాయింపు తెచ్చుకోవాలి. అది నమోదైన డెలిగేట్లకు చూపించే షరతు మీద వస్తుంది. గేటు దగ్గర కార్డు అడిగితే అది దర్పం కాదు, ఆ షరతు. ఆధార్ జిరాక్స్, రెండు ఫోటోలు సంచిలో ఉంచుకోండి.

దారి సంగతి క్లుప్తంగా. గోపాల్‌పూర్ బరంపురానికి 16 కిలోమీటర్లు. పగలు బస్సులు, ఆటోలు దొరుకుతాయి, రాత్రి ఆట అయ్యాక దొరకవు. పొద్దున తీసుకొచ్చిన ఆటో అతన్నే రాత్రికి మాట్లాడుకోండి, నంబరు తీసుకోండి. బరంపురం ఆటోవాళ్లలో తెలుగు తెలిసినవాళ్లు బోలెడు. పూరీకైతే తిరుపతి నుంచి వచ్చే పూరీ ఎక్స్‌ప్రెస్ నేరుగా వెళ్తుంది. అది కుదరకపోతే హౌరా లైన్‌లో వెళ్తూ ఖుర్దా రోడ్‌లో ఆగే ఏ బండైనా ఎక్కి అక్కడ దిగండి. అక్కడి నుంచి పూరీ 44 కిలోమీటర్లు, బళ్లు తరచుగానే ఉంటాయి. లాడ్జి తెరకు నడిచే దూరంలో తీసుకోండి. రెండొందలు మిగులుతాయని ఊరి అవతల దిగితే, ఆఖరి సినిమా తర్వాత జరిగే కబుర్లన్నీ పోగొట్టుకుంటారు. ఉత్సవంలో సగం విలువ ఆ కబుర్లలోనే ఉంది.

సినిమా ఫైల్

ఎక్కువ తగలబడేది ఇక్కడే. పెద్ద హాళ్లలో డి.సి.పి. (థియేటర్ ప్రొజెక్టర్ల కోసం చేసే డిజిటల్ కాపీ) అడుగుతారు, ఇసుక మీద అడగరు. ఒక ల్యాప్‌టాప్, ఒక ప్రొజెక్టర్ ఉంటాయి. వాటికి సరిపోయేది 1920×1080 సైజులో హెచ్.264 ఎం.పి.4, సెకనుకు 20 మెగాబిట్ల బిట్‌రేట్. పదిహేను నిమిషాల సినిమా అలా తీస్తే సుమారు రెండుంబావు జి.బి. అవుతుంది. అదే సినిమా ప్రోరెస్ హెచ్.క్యూ. అనే ఎడిటింగ్ ఫార్మాట్‌లో 20 జి.బి. దగ్గర ఉంటుంది. అది ఇంట్లో దాచుకోవాల్సిన మాస్టర్, పాత ల్యాప్‌టాప్‌లో వేస్తే బొమ్మ ఆగి ఆగి నడుస్తుంది. పెన్‌డ్రైవ్‌ను ఎక్స్‌ఫ్యాట్‌లో ఫార్మాట్ చేయండి. ఫ్యాట్32లో ఉంటే 4 జి.బి. దాటిన ఫైల్ ఎక్కదు, ఆ సంగతి బయల్దేరే రాత్రి తెలుస్తుంది. రెండు పెన్‌డ్రైవ్‌లు వేర్వేరు సంచుల్లో, మూడో కాపీ ఆన్‌లైన్ డ్రైవ్‌లో. ఫైల్ పేరులో సినిమా పేరు, నిడివి, భాష రాయండి. నిర్వాహకుల ల్యాప్‌టాప్‌లో ‘ఫైనల్’, ‘ఫైనల్ 2’, ‘కొత్త ఫైనల్’ అని ఇప్పటికే అరడజను సినిమాలు ఉంటాయి, మీది ఏడోది కానక్కర్లేదు.

ఫోన్‌తో తీసిన సినిమాలకు ఇంకో జబ్బు ఉంది. ఫోన్ తనకు తోచినట్టు ఫ్రేమ్ రేటు (సెకనుకు ఎన్ని ఫ్రేములు అనేది) మార్చుకుంటూ తీస్తుంది. ఎడిటింగ్‌లో మొదటి నిమిషం బాగానే ఉంటుంది, పదో నిమిషానికి పెదవులు ఒక దారి, మాట ఒక దారి. ఎడిటింగ్‌కు ముందే అన్ని క్లిప్పులనూ ఒకే స్థిరమైన రేటుకు, 24కో 25కో, మార్చుకోవాలి. చివర్లో సరిచేద్దామంటే కుదరదు.

రాత్రి సీన్లు. తెర మీద నలుపు అంటే వెలుతురు పడకపోవడమే, వేరే నల్లరంగేమీ ఉండదు. పక్కన చేపల వేపుడు బండి లైటు, వీధి దీపం, పైన వెన్నెల, ఇవన్నీ తెర మీద పడితే నలుపంతా బూడిదరంగు అయిపోతుంది. ప్రొజెక్టర్ ఎంత మంచిదైనా ఇది తప్పదు. కష్టపడి తీసిన చీకటి సీనులో మనిషి ఉన్నాడో లేడో తెలియదు. పరీక్ష సులువు: పగటిపూట కిటికీ తీసిన గదిలో, ఫోన్ వెలుగు సగానికి తగ్గించి సినిమా చూడండి. అక్కడ కనిపించని ముఖం ఇసుకలోనూ కనిపించదు. ఆ సీన్లలో నీడ భాగాల వెలుగు కాస్త పెంచి, ఉత్సవం కోసం వేరే కాపీ తీయండి. మాస్టర్‌ను ముట్టుకోకండి.

మాట కూడా అంతే. కెరటాల హోరు ఒక స్థాయిలో ఆగకుండా ఉంటుంది, గుసగుసలను అది మింగేస్తుంది. ఈ కాపీలో సంభాషణ పెంచి నేపథ్య సంగీతం తగ్గించండి. మాట రెండు చానళ్లలోనూ సమానంగా ఉందో లేదో చూడండి. చాలాచోట్ల ల్యాప్‌టాప్ నుంచి ఒకే తీగ మిక్సర్‌కు వెళ్తుంది. మాట కుడి చానల్‌లోనే ఉండి తీగ ఎడమది అయితే సినిమా మూకీ అయిపోతుంది.

సబ్‌టైటిల్స్ గురించి గట్టిగా చెప్పాలి. చూసేవాళ్లలో ఒడియా, తెలుగు, బెంగాలీ, హిందీ అందరూ ఉంటారు కాబట్టి ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ తప్పనిసరి, అవి బొమ్మలో కలిపేసి ఉండాలి. విడిగా ఎస్.ఆర్.టి. ఫైల్ ఇస్తే ఎవరో ఒకరు దాన్ని కాపీ చేయడం మరిచిపోతారు. తెలుగు అక్షరాల్లో సబ్‌టైటిల్స్ అయితే కొన్ని ప్లేయర్లలో ఒత్తులు ఊడి పక్కన పడతాయి. ఇంకొకటి, ఇది సమతలం ఇసుక, హాల్లోలా మెట్లు ఉండవు. ముందు కూర్చున్నవాళ్ల తలలు తెర అడుగు భాగాన్ని మూసేస్తాయి. అందుకని అక్షరాలను మామూలు కంటే కొంచెం పైకి జరపండి. రెండు వరుసలు మించకూడదు, వరుసకు 40 అక్షరాల లోపు.

పంపే ముందు ఒక్క మాట ఆలోచించుకోండి. కొన్ని పెద్ద ఉత్సవాలు భారతదేశంలో మొదటి ప్రదర్శన తమదే కావాలంటాయి. అలాంటిదానికి గురిపెట్టి ఉంటే దాని నియమాలు చదివాకే ఇక్కడ వేయండి. మొదటి, రెండో లఘుచిత్రానికి మాత్రం ఈ లెక్కలు వేసుకుంటూ కూర్చోవడం దండగ. వేసేయండి.

అక్కడికి చేరాక

మీ ఆట సాయంత్రమైతే మధ్యాహ్నానికే వెళ్లి ప్రొజెక్టర్ చూసే కుర్రాణ్ని కలవండి. ‘భాయినా’ (ఒడియాలో అన్నా) అని పలకరించి, మూడు చోట్ల మాత్రం వేసి చూపించమనండి: సినిమా మొదటి అర నిమిషం, అన్నిటికంటే చీకటి సీను, అన్నిటికంటే మెల్లగా మాట్లాడే సీను. మొత్తం వేయమంటే ఎవరూ వేయరు. పగటి వెలుతురులో బొమ్మ తేలదు, ధ్వని మాత్రం తేలుతుంది. అందుకే బొమ్మను ల్యాప్‌టాప్‌లో, మాటను స్పీకర్లలో సరిచూడండి. స్పీకర్లలో గుయ్యిమని మోత వస్తుంటే ల్యాప్‌టాప్ చార్జర్ ఒకసారి పీకి చూడమనండి. ల్యాప్‌టాప్ ఒక కరెంటు లైన్‌లో, మిక్సర్ మరో లైన్‌లో ఉన్నప్పుడు ఆ మోత పుడుతుంది, బ్యాటరీ మీద నడిపితే తరచుగా పోతుంది.

పన్నెండు అడుగుల వెడల్పు, ఏడడుగుల ఎత్తు తెర అంటే 84 చదరపు అడుగుల గుడ్డ. సాయంత్రం సముద్రపు గాలికి అది తెరచాపలా ఉబ్బుతుంది, ఉబ్బిన చోట బొమ్మ మసకవుతుంది. ‘ఫోకస్, ఫోకస్’ అని వెనక నుంచి అరిస్తే లాభం లేదు. కింది తాళ్లు బిగించాలి, ఇసుక బస్తాలు వేయాలి. వెళ్లి ఒక చెయ్యి వేయండి, పరిచయాలు కూడా అక్కడే మొదలవుతాయి. ఇలాంటి తెరకు 20, 25 అడుగుల దూరం మంచి చోటు, రెండు స్పీకర్లకూ మధ్యలో. రాత్రి ముదిరాక గాలి నేల వైపు నుంచి తిరుగుతుంది, మంచు కురుస్తుంది. శాలువా, దోమల క్రీము, కింద వేసుకోవడానికి పాత దుప్పటి పట్టుకెళ్లండి.

మీ సినిమా వేసేటప్పుడు మాత్రం మధ్యలో కూర్చోకండి. పక్కగా, ముఖాలు కనిపించే చోట నిలబడి, చేతిలో చిన్న కాగితం పెట్టుకోండి. ఎన్నో నిమిషంలో మొదటి ఫోన్ వెలిగింది, ఎక్కడ నలుగురు లేచారు, మీరు నవ్వొస్తుందనుకున్న చోట నవ్వొచ్చిందా, నిమిషం అంకెతో రాసుకోండి. ఆరో నిమిషంలో మూడు ఫోన్లు వెలిగితే తప్పు తరచుగా ఐదో నిమిషంలో ఉంటుంది. ఆ తర్వాత ఎవర్నైనా ‘ఎలా ఉంది?’ అని అడిగితే ‘బాగుంది బాబూ’ అనే అంటారు. ‘ఆ అమ్మాయి ఇల్లు ఎందుకు వదిలిందో అర్థమైందా అండీ?’ అని అడగండి, అప్పుడు అసలు సమాధానం వస్తుంది. వేదిక మీద ప్రశ్నలకు జవాబు రెండు వాక్యాల్లో ముగించండి, ఏ కెమెరా వాడారో అడిగితే తప్ప చెప్పొద్దు. మిగతావాళ్ల సినిమాలన్నీ కూర్చుని చూడండి. తన ఆట అవగానే లేచిపోయే దర్శకుణ్ని అందరూ గుర్తుపెట్టుకుంటారు, మంచిగా కాదు.

ఖాళీ పగళ్లలో షూటింగ్ చేసుకోవాలనిపిస్తుంది. పూరీలో పెంఠకటా, గోపాల్‌పూర్‌లో తీరం వెంట వలవాళ్లు చాలామంది తెలుగువాళ్లే, అన్నా, అమ్మా అని తెలుగులోనే మాట్లాడొచ్చు. వల లాగేటప్పుడు, చేపల వేలం జరిగేటప్పుడు అడ్డం వెళ్లకండి. పని అయ్యాక అడిగి తీయండి. గోపాల్‌పూర్‌లో డ్రోన్ ఎగరేయొద్దు, అక్కడ సైన్యం వారి ఎయిర్ డిఫెన్స్ కాలేజీ ఉంది. పూరీ గుడిలోకి ఫోను, కెమెరా, తోలు బెల్టు రానివ్వరు, లాడ్జిలో వదిలి వెళ్లండి. ఈత సరదా ఉన్నా ఈ తీరంలో లోతు ఒక్కసారిగా పెరుగుతుంది, లోనికి దిగొద్దు. ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఋషికుల్య నది సముద్రంలో కలిసే మోహన దగ్గర తాబేళ్లు గుడ్లు పెట్టడానికి గుంపులుగా వస్తాయి. చూడ్డానికి వెళ్తే టార్చి, ఫ్లాష్, కెమెరా లైటు ఏదీ వేయకూడదు. వెలుతురుకు తల్లి తాబేలు వెనక్కి తిరిగిపోతుంది, తర్వాత పుట్టే పిల్లలు సముద్రం అనుకుని దీపాల వైపు పాకుతాయి. ఇవి చట్టం కాపాడే జీవాలు, అటవీ శాఖ వాళ్లు చెప్పినంత దూరంలోనే ఉండాలి.

కెమెరాకు ఇసుక కంటే ఉప్పు చేటు. ఏసీ గదిలోంచి నేరుగా బయటికి తీస్తే లెన్స్ మీద చెమ్మ పడుతుంది, సంచి జిప్ వేసే బయటికి తెచ్చి పావుగంట అలాగే ఉంచండి. తీరంలో లెన్స్ మార్చకండి. గదికి వచ్చాక ముందు బ్లోయర్‌తో ఇసుక ఊదాలి, తర్వాతే గుడ్డ తగలాలి, లేకపోతే అద్దం గీసుకుపోతుంది. కెమెరా ఒంటినీ ట్రైపాడ్ కాళ్లనూ మంచినీళ్లతో కొద్దిగా తడిపి పిండిన బట్టతో తుడిచి, ఆరాక సిలికా జెల్ పొట్లాలు వేసిన డబ్బాలో పెట్టండి. ట్రైపాడ్ కీళ్లు విప్పి తుడవడం బద్ధకిస్తే నెల తిరక్కుండా అవి తుప్పుపట్టి బిగుసుకుంటాయి.