మేడ మీద సోయా వేసి పాలు తీయాలంటే, ముందు లెక్క చూస్కోండి

ముందే లెక్క చెప్పేస్తా, తర్వాత నన్ను తిట్టుకోవద్దు. లీటరు సోయా పాలకి ఎండు గింజలు ఓ 100 గ్రాములు కావాలి, కుండీలో మొక్క మహా అయితే 10-15 గ్రాములు ఇస్తుంది. బెంగళూరులో మా మేడ మీద పన్నెండు గ్రో బ్యాగుల్లో 36 మొక్కలు పెంచితే చేతికొచ్చింది 400 గ్రాముల చిల్లర, అంటే సీజన్ మొత్తానికి నాలుగు లీటర్లు. రోజూ తాగాలంటే కొట్లో గింజలు కొనుక్కోవడమే. సరే అయినా వేస్తాం అంటారా, రండి.

జూన్‌లో నాలుగు వానలు పడ్డాక వేయండి. పగలు పొట్టిగా ఉండే చలికాలంలో వేస్తే మొక్క ఎదగకుండానే పూతకొచ్చేస్తుంది, కాయలు గుప్పెడు కూడా రావు. సోయా విత్తనం తొందరగా పాడైపోతుంది కాబట్టి ముందు పది గింజలు తడిగుడ్డలో చుట్టి చూడండి, ఏడు మొలిస్తే ఓకే. జెఎస్ 335 రకం దొరికితే 95-100 రోజుల్లో అయిపోతుంది. వేసే ముందు మాత్రం నానబెట్టకండి, పైపొర పల్చన కదా, చీలి మట్టిలో కుళ్లిపోతుంది. అంగుళం లోతు, బ్యాగుకి మూడు మొక్కలు, అంతే.

అసలు కిటుకు రైజోబియం, అంటే వేళ్ల బుడిపెల్లో ఉండి గాలిలోని నత్రజనిని మొక్కకి అందించే బ్యాక్టీరియా. సోయా ఎప్పుడూ వేయని మట్టిలో, అందులోనూ కోకోపీట్‌లో (కొబ్బరిపీచు పొట్టు), దానికి కావాల్సిన బ్యాక్టీరియా ఉండదు. సోయాకని విడిగా అమ్మే ప్యాకెట్ తెచ్చి, చల్లారిన బెల్లం నీళ్లలో కలిపి, గింజలకి పట్టించి నీడలో ఆరబెట్టి వేయండి. నెలన్నరకి ఒక మొక్క పీకి వేరు బుడిపెని గోటితో చిదిమితే లోపల గులాబీ రంగు ఉండాలి, ఉంటే మొక్క నత్రజని అదే తయారు చేసుకుంటున్నట్టు, ఇక యూరియా జోలికి పోవద్దు, ఆకులు ఏపుగా వస్తాయి గానీ కాయ రాదు.

పావురాల సంగతి మర్చిపోయా. మొలక తల ఎత్తగానే తుంచేస్తాయి, నా మొదటి బ్యాచ్ మొత్తం అలాగే పోయింది, రెండోసారి పాత దోమతెర కప్పా. పూత, కాయ నిండే టైమ్‌లో మట్టి ఎండిపోనివ్వద్దు. పచ్చికాయలు కొన్ని కోసి ఉప్పు వేసి ఉడకబెట్టి వేరుశనక్కాయల్లా వొలుచుకు తినండి, నిజం చెప్పాలంటే పాలకన్నా నాకు అదే ఇష్టం.

ఆకులు రాలి, కాయలు ఊపితే గలగలమన్నప్పుడు కోయాలి. మనకి సరిగ్గా అప్పుడే సెప్టెంబర్ అక్టోబర్ వానలు, తడిస్తే బూజు పడుతుంది, లేటైతే కాయలు పగిలి గింజలు రాలిపోతాయి, అందుకే మొక్కలు మొత్తం పీకి బాల్కనీలో తలకిందులుగా వేలాడదీశాం.

ఇక పాలు. గింజలు 8-10 గంటలు నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, పొట్టు రుద్ది తీసేయండి. చల్లనీళ్లతో రుబ్బితే గింజ నలగగానే అందులోని ఎంజైమ్ వల్ల ఆ పచ్చివాసన వచ్చేస్తుంది, మరిగే నీళ్లతో రుబ్బితే చాలా తగ్గుతుంది. మిక్సీ జార్ సగమే నింపి మూత మీద గుడ్డ వేసి పట్టుకోండి, ఆవిరి తన్నుతుంది. పల్చటి పంచె గుడ్డలో వడకట్టి పొయ్యి మీద పెట్టండి. పాలు మరక్కముందే నురగ పొంగుకొస్తుంది, అది చూసి అయిపోయిందని దింపేయద్దు, మంట తగ్గించి కలుపుతూ ఇంకో 15-20 నిమిషాలు కాచాలి. పచ్చి సోయాలో ప్రొటీన్ అరగనివ్వని పదార్థం ఉంటుంది, సరిగా కాగకపోతే కడుపు తిరుగుతుంది. మిగిలిన పిప్పి కూడా పచ్చిదే, గారెల పిండిలో కలిపి బాగా వేయించుకోవచ్చు. పాలు ఫ్రిజ్‌లో రెండు మూడు రోజులు ఉంటాయి.

ఫిల్టర్ కాఫీలో మాత్రం ఒక్కోసారి విరిగిపోతాయి, డికాక్షన్‌లో పులుపు ఉంటుంది కదా. వేడి పాలలోకి డికాక్షన్ కొంచెం కొంచెంగా పోస్తే కాస్త నయం. మా అత్తయ్యగారైతే ఒక గుటక తాగి, ఏమీ అనకుండా గ్లాసు పక్కన పెట్టేసి, నందిని పాల ప్యాకెట్ కట్ చేశారు.