వైద్యం గురించి పేషెంట్ సొంతంగా నిర్ణయం తీసుకోగలరా? 4వ పాఠం: వద్దన్న మామ్మగారు

పోయిన పాఠం చివర ఇచ్చిన కేసుకి మీరు పంపిన జవాబులన్నీ చదివాను. ఈ వారం మతిమరుపు ఉన్నవాళ్ళ గురించి చెప్తానన్నాను కదా, అది పక్కన పెట్టేస్తున్నా. మీలో ఎక్కువమంది ఒకే చోట జారారు, అది సరిచేసుకోకుండా ముందుకెళ్తే మిగతా పాఠాలన్నీ దండగ.

కేసు మళ్ళీ చెప్తా. సఖినేటిపల్లి వైపు లంకలో ఉండే మామ్మగారు, అరవై దాటాయి, షుగరు ఉంది, కాలి వేళ్ళు నల్లబడి పైకి పాకుతోంది. సర్జన్ గారు మోకాలి కింద దాకా తీసేయాలన్నారు, ఆవిడ వద్దన్నారు, కొడుకేమో "మా అమ్మకి మతి సరిగ్గా లేదండి, సంతకం నేను పెట్టేస్తా" అన్నాడు. ఆవిడని ఏం అడుగుతారు అన్నది నా ప్రశ్న. చాలామంది ఏమీ అడక్కుండానే "సామర్థ్యం లేదు" (అంటే తన వైద్యం గురించి తను నిర్ణయించుకునే శక్తి లేదు) అని రాసేసి, కారణం దగ్గర "ప్రాణం పోతుందని చెప్పినా ఒప్పుకోవట్లేదు" అని పెట్టారు.

అది కారణం ఎలా అవుద్దండీ? మనం చెప్పిందానికి ఆవిడ ఒక జవాబు ఇచ్చారు అంతే, ఆ జవాబు దాకా ఎలా వచ్చారో మనం చూడాలి. మన 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టం 4వ సెక్షన్‌లోనే ఉంది, ఒక మనిషి నిర్ణయం పక్కవాళ్ళకి తప్పుగా అనిపించినంత మాత్రాన ఆ మనిషికి సామర్థ్యం లేదనకూడదని. ఆ చట్టం మానసిక వైద్యానికే గానీ, సూత్రం ఎక్కడైనా అదే. ఇంగ్లండులో 1993 నాటి తీర్పు ఒకటుంది, సరిగ్గా మన మామ్మగారి లాంటి కేసే. స్కిజోఫ్రీనియా అనే మానసిక జబ్బు ఉన్న 68 ఏళ్ళ ఆయన, బ్రాడ్‌మూర్ అనే గట్టి కాపలా ఉండే మానసిక వైద్యశాలలో ఉన్నాడు, తాను గొప్ప డాక్టర్నని ఆయన భ్రమ. పాదానికి గ్యాంగ్రీన్ (కండ కుళ్ళిపోవడం) వస్తే కాలు తీయకపోతే బతికే అవకాశం 15 శాతమే అన్నారు, ఆయన తీయొద్దన్నాడు. డాక్టర్లు చెప్పింది ఆయనకి అర్థమైంది, నమ్మాడు, తూచుకున్నాడు అని జడ్జి తేల్చి, ఆయన మాటే చెల్లుతుందన్నారు. కాలు తీయకుండానే బతికాడు కూడా, కానీ ఒకవేళ పోయినా తీర్పు తప్పయ్యేది కాదు, ఇది బాగా పట్టుకోండి. తర్వాత ఏం జరిగిందో చూసి సామర్థ్యాన్ని వెనక్కెళ్ళి కొలవకూడదు.

ఇప్పుడు మామ్మగారి దగ్గరికి వద్దాం. నేనైతే ముందు కొడుకుని టీకి పంపేస్తా. స్టూల్ లాక్కుని ఆవిడ కళ్ళ ఎత్తులో కూచుంటా, కళ్ళజోడు పెట్టించి, చెవి వినపడే వైపుకి మారతా. "అర్థమైందా మామ్మగారూ" అని అస్సలు అడగను. మన వైపు పెద్దవాళ్ళు డాక్టరు ముందు దేనికైనా "ఆయ్, అలాగేనండి" అంటారు, దాంట్లో మర్యాద తప్ప మనకి పనికొచ్చేది ఏమీ ఉండదు. నా ప్రశ్నకి రెండు ముక్కలు: "కాలికి ఏమైందని డాక్టర్లు అంటన్నారు? మీరేమనుకుంటన్నారు?" మొదటి ముక్కకి జవాబు వస్తే చెప్పింది బుర్రకెక్కినట్టు, రెండో దాంట్లో అది తనకే జరుగుతోందని నమ్ముతున్నారో లేదో తెలుస్తుంది.

ఆవిడ "డాక్టర్లు కుళ్ళిపోయిందంటన్నారు బాబూ, నా కాలికేం కాలేదు, ఇది చేలో బురద, కడిగితే పోద్ది" అన్నారనుకోండి. కడిగి చూపించాక కూడా అదే మాట అంటే అప్పుడు ఆలోచించాలి, ఎందుకంటే సమాచారం అందింది గానీ తనదని అనుకోవట్లేదు.

అదే ఆవిడ "తీయకపోతే విషం పైకెక్కి చచ్చిపోతానంటన్నారు, నిజమేనండి, మా ఆయనకీ అలాగే అయింది. కానీ గోదారి పోటెత్తితే మా లంకలోంచి పడవెక్కి బయటపడాలి, ఒంటి కాలితో నన్నెవరు మోస్తారు, డ్రెస్సింగులకి పంటు ఎక్కి నరసాపురం ఎవరు తిప్పుతారు, కోడలికి నేనింకా బరువైపోతా, వద్దు" అన్నారనుకోండి. నలుగురు డాక్టర్లు కూచున్నా ఇంతకంటే బాగా తూచలేరు. ఇక్కడ "సామర్థ్యం లేదు" అని రాస్తే ఆవిడకి అన్యాయం చేసినట్టే. అలాగని "సరే మీ ఇష్టం" అని లేచొచ్చేయడం కూడా అన్యాయమే! కృత్రిమ కాలు గురించి ఎవరైనా చెప్పారా, ఆరోగ్యశ్రీలో ఏముందో చూశారా, ఇంటి దగ్గరికి వచ్చి డ్రెస్సింగ్ చేసేవాళ్ళు దొరుకుతారా, కోడలు నిజంగా అలాగే అనుకుంటోందా, ఇవన్నీ కనుక్కుని మళ్ళీ వెళ్ళి మళ్ళీ అడగాలి. అప్పటికీ వద్దంటే వద్దే, నొప్పి తగ్గించే వైద్యం మనం మానకూడదు, మనసు మార్చుకుంటే ఎప్పుడైనా రావచ్చని చెప్పాలి.

ఇంకొందరు "వేలు తీస్తారు, తర్వాత మోకాలు, తర్వాత తొడ, మా పక్కింటాయనకి అలాగే కోసుకుంటూ పోయారు" అంటారు. అది భయం, దానికి మందు సర్జన్ గారిని పిలిచి మళ్ళీ చెప్పించడం.

కొడుకు సంతకం సంగతి. అమ్మకి సామర్థ్యం ఉన్నప్పుడు ఆ సంతకం దేనికీ పనికిరాదు. 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. మత్తులో ఉన్న కూతురి గర్భసంచి తీయడానికి తల్లి ఒప్పుకుంటే అది చెల్లదంది, ప్రాణం మీదికి రాలేదు కాబట్టి ఆవిడ లేచేదాకా ఆగాల్సిందంది. నిజంగా ప్రాణం మీదికొచ్చి, అడగడానికి వీల్లేనప్పుడు మాత్రం వైద్యం ఆపకండి.

ఒప్పుకున్నవాళ్ళని మీలో ఒక్కరూ పరీక్షించాలనుకోలేదు, అది నాకు ఇంకా బాధనిపించింది. హెర్నియా ఆపరేషన్‌కి సంతకం పెట్టిన తాతగారిని "దేనికండి ఆపరేషన్" అంటే "కంటికి బాబూ" అంటే ఆ సంతకం ఏమైనట్టు? వద్దన్నవాళ్ళకి ఎంత టైమిస్తారో సరేనన్నవాళ్ళకీ అంత ఇవ్వండి.

సోడియం పడిపోయినవాళ్ళు, యూరిన్ ఇన్ఫెక్షన్‌తో అయోమయంగా ఉన్నవాళ్ళు, తాగుడు మానేసి వణుకుతున్నవాళ్ళు, వీళ్ళని తొందర లేకపోతే ముందు కుదుటపరిచి, పొద్దున్న పూట మళ్ళీ చూడండి. సాయంత్రం లేని సామర్థ్యం తెల్లారేసరికి ఉండొచ్చు. ముప్పైకి ఎన్ని మార్కులొచ్చాయో చూసే జ్ఞాపకశక్తి పరీక్ష పెట్టి దాంతోనే తేల్చేయకండి, తారీఖు చెప్పలేని మనిషి తన కాలు గురించి చక్కగా చెప్పగలదు.

ఈసారి ప్రాక్టీసు కష్టమే. మీ వార్డులో వైద్యం వద్దన్న ఒకరితో, సరేనన్న ఒకరితో విడివిడిగా కూచోండి. ముందు వాళ్ళ ఒప్పుదల తీసుకోండి. మీరడిగిన ప్రతి ప్రశ్న, వాళ్ళన్న ప్రతి మాట వాళ్ళ యాసలోనే, కొటేషన్లలో రాయండి. "పేషెంట్‌కి అవగాహన లేదు" లాంటి వాక్యం ఒక్కటి కనపడినా చదవకుండా వెనక్కి పంపేస్తా. మర్నాడు పొద్దున్న అదే ప్రశ్నలు మళ్ళీ అడిగి ఆ జవాబులు పక్కనే రాయండి. పేరు, ఊరు, హాస్పిటల్ తీసేశాకే పంపాలి.