కుక్కతో భీమిలి తీరంలో మకాం
వ్యాన్‌లోనే కాపురం, తోడు మా కుక్క చిట్టి. విశాఖ నుంచి భీమిలి దాకా ఇలా తిరగాలంటే ముందు మీ కుక్కకి రేబిస్ టీకా వేయించండి, దారంతా ఊరకుక్కలే. ఇసుక మీద అరచెయ్యి ఆనించి చూడండి, మీకు చురుక్కుమంటే దాని పాదాలూ కాలతాయి. దాహమేస్తే ఉప్పునీళ్లు తాగేసి వాంతులు తెచ్చుకుంటుంది, కాబట్టి మంచినీళ్ల సీసా వెంట ఉండాలి.

వలలు దులిపిన చోట మరీ జాగ్రత్త. పట్టుకుంటే బెలూన్‌లా ఉబ్బే చేపల్ని జాలర్లు ఒడ్డునే పారేస్తారు. అవి విషం. చిట్టి ముక్కు అటు తిరిగితే చాలు, తాడు బిగిస్తాను.

జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెడతాయి, కుక్కలు వాటిని తవ్వేస్తాయి. ఆ నెలల్లో రాత్రిపూట దయచేసి కుక్కను ఒడ్డుకు తీసుకెళ్లకండి.

పడుకోబెట్టే ముందు వేళ్ల సందుల్లో ఉప్పు, ఇసుక పోయేలా కడిగి పొడిగుడ్డతో తుడవండి, చెవులు కూడా.