జిమ్‌లో అందరూ మిమ్మల్నే చూస్తున్నట్టుందా? సమస్య - పరిష్కారం

ఫీజు కట్టి, కొత్త బూట్లు కొని, వారం తిరక్కుండా జిమ్ మానేసినవాళ్లను అడిగితే మొదట 'టైం దొరకట్లేదు' అంటారు. ఇంకాస్త కదిపితే 'అందరూ చూస్తుంటే ఏదోలా ఉంది' అంటారు. ఆ ఇబ్బంది ఒక్కొక్కరికి ఒక్కోచోట మొదలవుతుంది. ఎక్కడో పట్టుకుంటే సరిచేసుకోవచ్చు.

గుమ్మం దాకా వెళ్లి వెనక్కి వచ్చేస్తున్నారు

కారణం చాలాసార్లు వేళే. హైదరాబాద్‌లో అమీర్‌పేట, కూకట్‌పల్లి, దిల్‌సుఖ్‌నగర్ లాంటి చోట్ల పొద్దున 6 నుంచి 9, సాయంత్రం 6 నుంచి 9 హాస్టల్ పిల్లలు, ఆఫీసువాళ్లతో జిమ్ కిక్కిరిసి ఉంటుంది. కొత్తవాళ్లు సరిగ్గా ఆ గుంపులోకే అడుగుపెడతారు. వీలైతే మొదటి రెండు వారాలు పగలు 11 నుంచి 4 మధ్య వెళ్లండి. ఉద్యోగం వల్ల కుదరకపోతే రాత్రి 9 దాటాక చూడండి. మొదటిరోజు కసరత్తు పెట్టుకోవద్దు. నీళ్లెక్కడ, లాకరెక్కడ, డంబెల్స్ ఎక్కడ అని పదిహేను నిమిషాలు తిరిగి వచ్చేయండి.

కొన్ని జిమ్‌లలో మధ్యాహ్నం లేడీస్ బ్యాచ్ ఉంటుంది. డబ్బు కట్టేముందు అదే వేళకు వెళ్లి కళ్లారా చూడండి. డిస్కౌంట్ ఎంత ఇచ్చినా మొదట ఒక్క నెలకే కట్టండి. చోటు నచ్చకపోతే మారే వీలు ఉండాలి.

ఏం చేయాలో తోచక ట్రెడ్‌మిల్ మీదే గడిపేస్తున్నారు

అసలు ముడి ఇక్కడే ఉంది. తర్వాత ఏం చేయాలో తెలియక దిక్కులు చూస్తున్నప్పుడే సిగ్గు ముంచుకొస్తుంది. అందుకే ఇంట్లోనే ఫోన్‌లో రాసుకుని వెళ్లండి. సోమ, బుధ, శుక్రవారాలు అవే అయిదు: లెగ్ ప్రెస్ (కాళ్లతో బరువు నెట్టేది), చెస్ట్ ప్రెస్ (ఛాతీ దగ్గర్నుంచి చేతులతో ముందుకు నెట్టేది), లాట్ పుల్‌డౌన్ (పైనున్న రాడ్డును కిందికి లాగేది), సీటెడ్ రో (కూర్చుని పిడిని మనవైపు లాగేది), చివర్లో ప్లాంక్ (మోచేతులు, కాలివేళ్ల మీద ఒంటిని పలకలా నిలిపి ఉంచడం). మెషిన్ల మీద 12 సార్ల చొప్పున రెండు సెట్లు, సెట్ల మధ్య 90 సెకన్ల విరామం. ప్లాంక్ 20 సెకన్లు, రెండుసార్లు. నలభై నిమిషాల్లో అయిపోతుంది.

ప్రతి మెషిన్‌కీ సీటు సర్దుకోవడం నేర్చుకోండి. చెస్ట్ ప్రెస్‌లో పిడులు ఛాతీ మధ్యకు రావాలి. సీటు మరీ కిందికుంటే పిడులు పైకి పోయి భుజాలు చెవుల దగ్గరికి లేస్తాయి. లాట్ పుల్‌డౌన్‌లో తొడల మీది ప్యాడ్ బిగుతుగా ఆనాలి, లేకపోతే బరువు పెరిగేకొద్దీ రాడ్డుతో పాటు మనిషీ పైకి లేస్తాడు. ఎంత బరువు లేవాలో ఎంచుకునే పిన్నును మెషిన్ ప్లేట్లలో పైనుంచి రెండోదానికి పెట్టి మొదలుపెట్టండి. పన్నెండులో చివరి రెండు కష్టంగా పూర్తయితే అదే మీ బరువు. సీటు రంధ్రం ఎన్నోదో, పిన్ను ఎక్కడుందో రాసుకోండి. బుధవారం ఎవరినీ అడక్కుండా నేరుగా వెళ్లి కూర్చోవచ్చు.

ఏదో పొరపాటు జరిగి అందరూ తిరిగి చూశారు

జనం నిజంగా తల తిప్పేది చప్పుడుకే. పిన్ను మెషిన్లలో పిడి ఒక్కసారిగా వదిలేస్తే ప్లేట్లు ధడేలుమంటాయి. మూడు లెక్కపెడుతూ దించండి. అలా దించలేకపోతే బరువు ఎక్కువైనట్టే.

రెండు చివర్లా ప్లేట్లు ఎక్కించి స్టాండు మీద పెట్టిన రాడ్డుకు ఒకవైపు ప్లేట్లన్నీ తీసేస్తే రెండోవైపు బరువుకు అది తిరగబడుతుంది. మామూలు పెద్ద రాడ్డే 20 కిలోలుంటుంది, తగిలితే గట్టి దెబ్బే. ఇటొకటి, అటొకటి తీయండి. ట్రెడ్‌మిల్ ఎక్కేటప్పుడు పక్క పట్టీల మీద నిలబడి, పడబోతే బెల్టును ఆపే క్లిప్పు చొక్కాకు తగిలించి, బెల్టు నెమ్మదిగా కదిలాకే కాలు పెట్టండి.

అద్దంలో పొట్టే కనిపిస్తోంది

అద్దానికి కాస్త పక్కగా నిలబడండి, చూపు మోకాళ్ల మీద పెట్టండి. ముదురు నీలం, నలుపు టీషర్టుల మీద చెమట మరక అంతగా తెలియదు.

2000లో వెలువడిన ఒక పరిశోధనలో అమెరికాలోని కార్నెల్ యూనివర్సిటీ విద్యార్థులకు వేసుకోవడానికి మొహమాటపడే బొమ్మ ఉన్న టీషర్టు తొడిగి తోటివాళ్ల గదిలోకి పంపారు. దాదాపు సగం మంది గమనించారని వాళ్లనుకున్నారు. గమనించింది నాలుగోవంతు మందే.

ఎవరినైనా అడగాలంటే నోరు రావట్లేదు

మెషిన్ మీద ఎవరైనా ఉంటే వాళ్లు బరువు దించాక 'అన్నా, ఇంకెన్ని సెట్లున్నయ్?' అంటే చాలు. కోచ్ పర్సనల్ ట్రైనింగ్ తీసుకోమని వెంటపడితే 'ఇప్పుడొద్దన్నా, ఈ సీటు ఎట్ల సెట్ చేయాల్నో చూపించు' అనండి. ఫ్లోర్‌లో ఉండే కోచ్ పనే అది, అదనంగా డబ్బు కట్టక్కర్లేదు.

ఒంటి మీద జోకులేసినా, అడక్కుండా చెయ్యి వేసినా తప్పు మీ సిగ్గుది కాదు. 'ముట్టుకోకుండా నోటితో చెప్పండి' అని గట్టిగా అనండి, మేనేజర్‌కు చెప్పండి, మారకపోతే జిమ్ మార్చండి.

నెల దాటినా వెళ్లాలంటేనే గుండె దడ, చేతుల వణుకు

కొన్నాళ్లు జీహెచ్‌ఎంసీ పార్కుల్లోని ఓపెన్ జిమ్‌తో మొదలుపెట్టండి. ఒక్కరే వెళ్లలేకపోతే ఇంట్లోవాళ్లను తోడు తీసుకెళ్లండి. జిమ్‌కే కాదు, పెళ్లికీ ఆఫీసు మీటింగ్‌కీ వెళ్లాలన్నా ఇదే దడ ఉంటే కేంద్ర ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు.