నాణెం గ్లాసులో పడలేదా? జడత్వ ప్రయోగాలు ఎక్కడ చెడతాయి, ఎలా సరిచేయాలి

తొమ్మిదో తరగతి గమన నియమాల పాఠానికి కావాల్సిన సామాను హన్మకొండలోనైనా, ములుగు దగ్గరి ఊళ్లోనైనా బడి పక్కనే దొరుకుతుంది: గ్లాసు, పెండ్లి పత్రిక, క్యారమ్ కాయిన్లు, కుట్టు దారం. అయినా పిల్లల ముందు జడత్వం (వస్తువు ఉన్న స్థితిలోనే ఉండిపోయే గుణం) ప్రయోగం చెడుతుంది. అప్పుడు "ఇట్లా జరగాల్సింది" అని నోటితో చెప్పి ముందుకు పోతే పిల్లలు మార్కుల కోసం ఒప్పుకుంటారే తప్ప నమ్మరు.

కార్డుతో పాటు నాణెం కూడా ఎగిరిపోతోంది

గ్లాసు మీద కార్డు, దాని మీద నాణెం పెట్టి కార్డును మీటితే కార్డు ఒక్కటే ఎగిరిపోయి నాణెం గ్లాసులో పడాలి. అట్లా పడకపోతే చాలామంది చేసే మొదటి పని ఇంకా బరువైన నాణెం పెట్టడం. దానివల్ల లాభం లేదు. ద్రవ్యరాశి పెరిగితే జడత్వం పెరుగుతుంది, నిజమే. కానీ కార్డుకూ నాణేనికీ మధ్య ఘర్షణ కూడా అంతే పెరుగుతుంది. అందుకే త్వరణం, అంటే నాణెం వేగం పెరిగే రేటు, మారదు. తేడా అంతా కార్డు ఎంత సేపట్లో తప్పుకుందన్న దానిలోనే ఉంది. ఘర్షణ గుణకం (ఘర్షణ నాణెం బరువులో ఎన్నో వంతో చెప్పే అంకె) 0.25 అనుకుంటే నాణేనికి వచ్చే త్వరణం సెకనుకు సెకనుకు సుమారు 2.5 మీటర్లు. కార్డు 0.05 సెకనులో తప్పుకుంటే నాణెం జరిగేది 3 మిల్లీమీటర్లు. అదే 0.3 సెకను పడితే 11 సెంటీమీటర్లు, అంటే గ్లాసు మూతి దాటినట్టే. ఈ లెక్క బోర్డు మీద వేయించండి. చెడిన ప్రయోగం కూడా పాఠంలో భాగమవుతుంది.

పెండ్లి పత్రికలో ఉబ్బెత్తు అక్షరాలు లేని నున్నని భాగం నుంచి 9 సెంటీమీటర్ల చదరపు ముక్క కత్తిరించండి. వంగిన ముక్క వద్దు. గ్లాసును ఎడమ చేత్తో గట్టిగా పట్టుకుని, చూపుడు వేలిని బొటనవేలికి ఆనించి, కార్డు అంచును అడ్డంగా మీటాలి. వేలు కింది నుంచి తగిలితే కార్డు లేచి నాణేన్ని ఎగరేస్తుంది. స్టీలు గ్లాసైతే ఇంకా మంచిది, నాణెం పడిన చప్పుడు చివరి బెంచీ దాకా వినిపిస్తుంది.

కింది కాయిన్ ఒక్కటే పోవాలి, దొంతర మొత్తం కూలుతోంది

వానాకాలమైతే ముందు తేమను అనుమానించండి. బోరిక్ పౌడర్ కొద్దిగా చల్లి కాయిన్లను గుడ్డతో తుడవాలి. తర్వాత కింది కాయిన్‌ను కొట్టే స్ట్రైకర్‌ను దాని పక్కన పెట్టి, కళ్లను బల్ల మట్టానికి వంచి చూడండి. స్ట్రైకర్ మందంగా ఉంటే రెండో కాయిన్‌కూ తగులుతుంది.

ఈ రెండూ సరిగ్గానే ఉన్నా కూలుతుంటే తప్పు స్ట్రైకర్ బరువుది. అది 15 గ్రాముల దాకా ఉంటుంది, కాయిన్ 5 గ్రాములకు కాస్త ఎక్కువ. అందుకే సూటిగా కొట్టాక స్ట్రైకర్ ఆగదు, దాదాపు సగం వేగంతో ముందుకే పోతుంది. దొంతర 8 మిల్లీమీటర్లు కిందికి దిగడానికి 0.04 సెకను పడుతుంది. ఆలోపే స్ట్రైకర్ దాని కిందికి దూరుతుంది. స్ట్రైకర్ బదులు ఇంకో కాయిన్‌తో కొట్టండి. సమాన ద్రవ్యరాశి కాబట్టి అది తగిలిన చోటే దాదాపు ఆగిపోతుంది, దొంతర నిటారుగా కిందికి దిగుతుంది. అయిదు కాయిన్లు చాలు.

మెల్లగా లాగినా, గుంజినా ఒకే దారం తెగుతోంది

లీటరు సీసాను నిండా నీళ్లతో నింపితే సుమారు కిలో. దానికి నిలువునా సుతిలి చుట్టి, పైన ఒక ముడి, కింద ఒక ముడి వేసి, పై ముడికి కట్టిన దారంతో కిటికీ ఊచకు వేలాడదీయండి. కింది ముడికి కట్టిన దారం చేతిలోకి. మెల్లగా లాగితే సీసా బరువు, లాగే బలం రెండూ పైదారం మీదే పడతాయి, అది తెగుతుంది. ఒక్కసారిగా గుంజితే సీసా కదిలేలోపే కిందిదారం తెగుతుంది.

నైలాన్ దారం వాడితే ఇది చెడుతుంది. అది తెగే ముందు బాగా సాగుతుంది, ఆ కాస్త సమయంలో సీసా కదిలి పైదారం మీద లాగుడు పడుతుంది. నూలు దారం, రెండు వైపులా ఒకే రీలుది వాడండి. బరువుకే తెగితే రెండు చోట్లా రెండు పోగులు వేయండి. ఎప్పుడూ ముడి దగ్గరే తెగుతుంటే ఊచకు నాలుగు చుట్లు తిప్పి ఆ తర్వాత ముడి వేయాలి. సీసా కింద ఇసుక తట్ట పెట్టండి, కాళ్లు దూరంగా ఉంచండి.

పచ్చి గుడ్డు, ఉడికిన గుడ్డు ఒకేలా తిరుగుతున్నాయి

సగం ఉడికిన గుడ్డు అయ్యుంటుంది. పన్నెండు నిమిషాలు ఉడికించి, చల్లారాక వాడండి. తిరుగుతున్న గుడ్డును వేలితో ఒక్క క్షణం ఆపి వదిలేయాలి. ఉడికింది ఆగిపోతుంది, పచ్చిది లోపలి ద్రవం ఇంకా తిరుగుతుండటంతో మళ్లీ తిరుగుతుంది. ఎక్కువసేపు నొక్కితే పచ్చిగుడ్డు లోపలి ద్రవం కూడా ఆగిపోతుంది, మళ్లీ తిరగదు.

ప్రయోగం బాగానే వచ్చింది, పిల్లల జవాబు తప్పింది

"బస్సు కదిలినప్పుడు జడత్వం మనల్ని వెనక్కి నూకుతది సార్." అన్నిటికన్నా మొండి సమస్య ఇదే, దీనికి ఒక పీరియడ్ ఇవ్వాలి. జడత్వం బలం కాదు, నూకదు. సీటు మనల్ని ముందుకు నెట్టేదాకా మనం ఉన్నచోటే ఉంటాం, అంతే.

నున్నని పరీక్ష అట్టను బల్ల మీద పెట్టి, క్లిప్పు దగ్గర గోళీ ఉంచండి. గోళీకి సరిగ్గా పక్కన బల్ల మీద సుద్దగీత గీయండి. అట్టను క్లిప్పు వైపు 20 సెంటీమీటర్లు చటుక్కున లాగి ఆపండి. అట్ట మీద చూసినవాళ్లు గోళీ వెనక్కి పోయిందంటారు. సుద్దగీత నుంచి కొలిస్తే గోళీ 5, 6 సెంటీమీటర్లు ముందుకే వచ్చి ఉంటుంది. దొర్లే గోళీని అట్ట ఘర్షణ ఆ మాత్రం ముందుకు లాగింది. స్కేలు పిల్లల చేతికే ఇచ్చి కొలిపించి, ఆ తర్వాత అడగండి: వెనక్కి నూకిందెవరు?